అమ్మ అడిగిన అర్ర

మా కొత్తపేట ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకోవాలన్నది ఏ పూటకాపూట తేలే సంగతి. నల్లగొండ వైపు నుంచి వచ్చే బస్సేదైనా ఎల్బీనగర్‌లో ఆగాల్సిందే. అందులోంచి మా ఊరి మనిషో పక్క ఊరి మనిషో దిగితే తిన్నగా మా ఇంటికి రావాల్సిందే. దవాఖానలో చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కి వచ్చినవాళ్ళు, కోర్టు వాయిదాకి వచ్చినవాళ్ళు, ఏ పనీ లేక ఊరికే వచ్చినవాళ్ళు. నాయిన బస్సు డిపోలో మెకానిక్. మనిషి గుమ్మంలో కనబడితే చాలు, "తిన్నవా" అని అడగడానికి ముందే "ఉంటవు గద" అనేవాడు. ఉండనని చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

ఇల్లంటే ఎంత? ముందు సాయబాను అనే రేకుల వసారా, దాని వెనక హాలు, హాలుకి ఆనుకుని ఒకే ఒక్క గది, చివర వంటిల్లు. పెరట్లో బోరింగు, బట్టలుతికే బండ, బాత్‌రూము. కింద షాబాదు బండలు. ఎండాకాలం వచ్చిందంటే పండ్ల మార్కెట్ నుంచి మామిడిపండ్ల వాసన, దానితోపాటు వరిగడ్డి వాసన, లారీల హారన్లు మా ఇంట్లోకి చుట్టాలకంటే ముందే వచ్చి కూర్చునేవి. మార్కెట్లో విరిగిపోయిన పండ్ల పెట్టెలు తెచ్చి, చెక్కలు ఊడదీసి, వంటింట్లో డబ్బాలు పెట్టుకోవడానికి నాయినే పలకలు కొట్టాడు. పప్పు డబ్బా దించినా బత్తాయి వాసనే వచ్చేది. ఇప్పుడా మార్కెట్ అక్కడ లేదు. ఎండాకాలం వచ్చిందని క్యాలెండర్ చూసి తెలుసుకోవలసి వస్తోంది.

గది నాయినది, బీరువాది. హాలు చుట్టాలది. సాయబాను తమ్ముడిది, వాడి దోస్తులది. పరీక్షలప్పుడు గదిలో ఒక మూల నాది. మరి అమ్మదేది అని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే "ఇల్లంతా అమ్మదే కదా" అని ఉండేదాన్ని. అందరూ అనే మాటే అది, అనడానికి బాగానే ఉంటుంది. అమ్మ చాప మాత్రం వంటింటికీ హాలుకీ మధ్య గడప పక్కన పడేది. చీర మార్చుకోవాలంటే బాత్‌రూము, తల దువ్వుకోవాలంటే పెరట్లో బండ. ఆమె బట్టల సందుగ నాయిన మంచం కింద ఉండేది. అది తీయాలంటే ఆయన నిద్ర లేచేదాకా ఆగాలి. ఒకసారి అమ్మకి జ్వరమొచ్చి అదే గడప పక్కన ముసుగేసుకుని పడుకుంటే, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి పోతున్న చుట్టం ఒకాయన "జర కాళ్లు ముడుసుకో వదినా" అని, ఆమె ముడుచుకున్నాక దాటి వెళ్ళాడు. చెడ్డవాడేం కాదు. వచ్చేటప్పుడు కూడా అలాగే అడిగి దాటి వచ్చాడు.

నాకు పెళ్ళై మూసారాంబాగ్‌లో కిరాయి ఇంటికి వెళ్ళిపోయిన కొన్నేళ్ళకి తమ్ముడికి పెళ్ళి కుదిరింది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఇల్లు పెంచక తప్పదనుకున్నారు. నాకప్పటికి బ్యాంకు ఉద్యోగమూ, దాంతోపాటు వచ్చే తలబిరుసూ రెండూ ఉన్నాయి. పత్రికల్లో ఇళ్ళ బొమ్మలు చూసి చూసి సిటౌట్, ఓపెన్ కిచెన్ లాంటి మాటలు నేర్చుకుని ఉన్నాను. ఆర్కిటెక్టుతో గీయించాల్సిందే అని పట్టుబట్టాను.

"గోడ లేపుడుకు మేస్త్రి ఉండె. గీతలు గీసుడుకు ఇంకొకలెందుకు?" అన్నాడు నాయిన.

"ఎట్లవడితే అట్ల కట్టుడు గాదు నాయినా, దానికో పద్ధతుంటది" అని దబాయించాను. రిటైరై ఏడాదైన మనిషి, కూతురితో వాదించే ఓపిక తగ్గి ఊరుకున్నాడు.

ఆర్కిటెక్టు మా బ్యాంకులో పనిచేసే ఒకావిడ మేనకోడలు. వాళ్ళది గుంటూరు వైపు, కానీ ఈ పిల్ల పుట్టిందీ పెరిగిందీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే. చదువు ముగించి, ఒక కోచింగ్ సెంటర్ పైన చిన్న గది తీసుకుని కొత్తగా బోర్డు పెట్టింది. మా ఇల్లే ఆమెకి మొదటి ఇల్లు. చెవి మీద పెన్సిల్, భుజానికి సంచి, చేతిలో టేపు, ఎర్ర అట్ట నోటుబుక్కు. వచ్చీ రాగానే టేపు రెండో కొస నాయిన చేతిలో పెట్టి "కొంచెం పట్టుకోండి అంకుల్" అంది. ఆయన రుసరుసలాడుతూనే పట్టుకున్నాడు. గంట పోయాక "ఎనక గోడ ఇంక కొల్వలే బిడ్డా" అని ఆయనే గుర్తు చేశాడు.

మా సందులో నాయినకో దోస్తు ఉండేవాడు. ఆ సాయంత్రమే వచ్చి, "ఏందన్నా, ఇల్లు తీస్కపోయి ఆంధ్రోళ్ల చేతుల వెట్టినవట?" అని ఆరా తీశాడు.

"ఇల్లు వెట్టలేదురా, కాయితం వెట్టిన. నచ్చకుంటె తుడిపిస్త" అన్నాడు నాయిన. ఇద్దరూ నవ్వుకుని చాయ్ తాగారు. ఆ రోజుల్లో అలాంటి మాటలు ఇంటింటా నడిచేవి. కొన్ని నవ్వుతో ముగిసేవి, కొన్ని ముగిసేవి కావు.

ఆ పిల్ల పని తీరు వేరు. ఇంట్లో ప్రతి మనిషినీ విడివిడిగా కూర్చోబెట్టి "మీకేం కావాలి?" అని అడిగి, వాళ్ళన్న మాటల్లోనే రాసుకునేది. తనకి కాలేజీలో అలా నేర్పారట. నాయిన ముందువైపు కుర్చీ వేసుకునే చోటు అడిగాడు, వచ్చేపోయేవాళ్ళు కనబడాలన్నాడు. తమ్ముడు మేడమీద గది, దానికే బాత్‌రూము అడిగాడు. ఆ ఇంట్లో ఉండనిదాన్ని, నన్నూ అడిగింది. డైనింగ్ టేబుల్‌కి చోటు కావాలన్నాను. మా వంశంలో టేబుల్ మీద అన్నం తిన్నవాళ్ళు లేరు. అందరం కింద కూర్చుని, టీవీ ముందు కంచం పెట్టుకునేవాళ్ళమే. మా మేనేజర్ ఇంట్లో చూసి మనసు పారేసుకున్నాను. హాలుకి తూర్పు వైపు, పెద్ద కిటికీ వచ్చే చోట నా టేబుల్‌కి జాగా కుదిర్చింది.

"మీకేం కావాలి ఆంటీ?" అని అమ్మని అడిగినప్పుడు అమ్మ నవ్వేసింది.

"నాకేం గావాలె బిడ్డా. వాళ్లకు జేయి."

"అలా కాదండీ, మీరూ చెప్పాలి."

"రేపు చెప్త."

మూడుసార్లు వచ్చింది ఆ పిల్ల, మూడుసార్లూ అమ్మ రేపు చెప్త అంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మ అడిగితే ఎవరు పెడతారన్నదానికి మాత్రం సామెత లేదు. నాలుగోసారి మక్క గారెల గిన్నె ఆ పిల్ల ముందు పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ, గోడవైపు చూస్తూ చెప్పింది. నేను ఆ పక్కనే కూర్చుని తమ్ముడి నిశ్చితార్థం పత్రికలో అచ్చుతప్పులు దిద్దుతున్నాను.

"నాకొక అర్ర గావాలె బిడ్డా. సిన్నదైనా సరే. ఎలుతురు రావాలె. తలుపుండాలె. గొళ్లెం లోపటికుండాలె."

ఆ పిల్ల పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాసుకుంది. రాసుకున్నది పైకి చదివి వినిపించింది కూడా: "ఆంటీకి ఒక అర. చిన్నదైనా సరే. వెలుతురు పడేచోట ఉండాలి. తలుపుండాలి. గొళ్ళెం లోపలికి ఉండాలి. అంతేనా ఆంటీ?"

"గంతే బిడ్డా" అంది అమ్మ.

నేను పత్రికలోంచి తలెత్తి, "మా అమ్మకి డబ్బాలు సర్దుకోవడమంటే ప్రాణంలే" అన్నాను. ఆ పిల్ల నవ్వి అది కూడా రాసుకుంది.

ఇది చదివే నల్లగొండవాళ్ళు ఈపాటికి తల కొట్టుకుని ఉంటారు. మిగతావాళ్ళకి చెబుతాను. మా వైపు అర్ర అంటే గది. కోస్తా వైపు అర అంటే గోడలోనో బీరువాలోనో సామాను పెట్టుకునే చోటు. మధ్యలో ఉన్నది ఒక్క వత్తు. నాకు రెండు మాటలూ తెలుసు. తొమ్మిదో తరగతిలో "మా అర్రల ఫ్యాను తిరుగుతలేదు టీచర్" అన్నందుకు క్లాసు క్లాసంతా నవ్వితే, ఆ సాయంత్రమే అర్రని వదిలేసి గది పట్టుకున్నాను. ఇంటికొచ్చి అమ్మ మాటని కూడా దిద్దబోయాను. అమ్మ దిద్దుకోలేదు, నేనే దిద్దుకున్నాను.

పని మొదలైంది. దేవరకొండ వైపు నుంచి వచ్చిన మేస్త్రి, ఆయన మనుషులు పాత రేకులు దించారు, వంటింటి వెనక గోడ కూల్చారు. నాయిన కొట్టిన పండ్లపెట్టె పలకలు ఊడదీస్తుంటే వాటి వెనక గోడమీద నా చిన్నప్పటి ఎక్కాలు, బొగ్గుతో రాసినవి, బయటపడ్డాయి. ఏడో ఎక్కంలో రెండు తప్పులున్నాయి. సున్నం కొట్టేముందు కాసేపు నిలబడి చూశాను.

బంద్‌లు పని ముందుకు సాగనిచ్చేవి కావు. ఒకరోజు ఇసుక లారీ తుర్కయంజాల్ దగ్గరే ఆగిపోయేది, ఇంకోరోజు కంకర వస్తే పనివాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. సకల జనుల సమ్మె వచ్చాక బస్సులే ఆగిపోయాయి. నాయిన రోజూ డిపో ముందు టెంటులో కూర్చుని వచ్చేవాడు. రిటైరైన మనిషికి సమ్మె ఏమిటని నేను ఆట పట్టిస్తే "చెయ్యి రిటైరైంది, నోరు గాలే" అనేవాడు. ఇల్లు మాత్రం సగం కూలి, సగం లేచి, మధ్యలో మమ్మల్ని కూర్చోబెట్టుకుంది. ఆటోలు లేని రోజున కూడా ఆ పిల్ల దిల్‌సుఖ్‌నగర్ నుంచి కాగితాల చుట్ట చంకన పెట్టుకుని నడిచొచ్చేది.

"గింత ఎండల నడిశొస్తివా, పిచ్చిపిల్లా!" అని అమ్మ సల్ల గ్లాసు చేతికిచ్చేది. సల్ల అంటే మజ్జిగని ఆ పిల్లకి అమ్మే చెప్పింది. ఆ ఒక్క మాట మాత్రం అడగకుండానే తెలిసింది పాపం.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరిగిన రోజు అమ్మ కూడా కాలనీ ఆడవాళ్ళతో వెళ్ళింది. నాకు ముందు చెప్పలేదు. బ్యాంకు మూయించేశారని ఇంటికి నడిచొస్తూ చూశాను. నడిరోడ్డు మీద మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద గుండిగ, పక్కన మా అమ్మ. "మాది మాకు గావాలె" అని అందరూ ఒక్క గొంతుతో అరుస్తుంటే ఆమె కూడా చెయ్యెత్తింది, చేతిలో గంటె ఉంది, ఆ గంటెలోంచి అన్నం మెతుకులు రాలాయి. అంత గట్టిగా మా అమ్మ అరవగలదని నాకు తెలియదు. నన్ను చూసి సిగ్గుపడి చెయ్యి దించేసింది, మళ్ళీ ఎత్తింది. ఇప్పుడు ఆ చౌరస్తా దాటుతుంటే పైన ఫ్లైఓవర్లు, మెట్రో. నేను మాత్రం కిందికే చూస్తాను.

గోడలు లేచేకొద్దీ అమ్మ ఓ పని చేసేది. మధ్యాహ్నం పనివాళ్ళు అన్నాలకి పోయినప్పుడు హాలుకి తూర్పు వైపు, పెద్ద కిటికీ పెట్టిన చోట నిలబడి, రెండు చేతులూ చాపి ఇటు తిరిగేది, అటు తిరిగేది. నడుం పట్టేసిందేమో, విరుచుకుంటోందనుకున్నాను. "ఈడ గోడ ఎప్పుడు లేపుతరు?" అని మేస్త్రిని కూడా అడిగింది. ఆయన ఏ గోడ అనుకున్నాడో ఏమో, "అయితదమ్మా, అన్ని అయితయి" అన్నాడు.

పెళ్ళి ఇంకా నెలన్నర ఉందనగా చెక్కపని ముగిసింది. ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. అమ్మని చెయ్యి పట్టుకుని కొత్త వంటింట్లోకి తీసుకెళ్ళింది. కిటికీ పక్క గోడలో టేకు తలుపు, అద్దంలా నున్నగా ఉంది. బయట పిడి లేదు, గొళ్ళెం లేదు. ఒక చోట వేలితో నొక్కితే దానంతటదే తెరుచుకుంది. లోపల మూడు పలకలు.

"గొళ్ళెం లోపలికి ఉండాలన్నారు కదా ఆంటీ. బయటికి కనబడకుండా ఎలా పెట్టాలో తెలియక నేనూ వడ్రంగి కలిసి మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం" అంది.

అమ్మ లోపలికి చెయ్యి పెట్టింది. వెనక చెక్క తగిలేదాకా పెట్టి, తీసింది.

"గిదేంది బిడ్డా?"

"మీ అర ఆంటీ."

అమ్మ తల తిప్పి హాల్లో తూర్పు కిటికీ వైపు చూసింది, మళ్ళీ ఇటు తిరిగి చెక్క మీద చెయ్యి వేసి రాసింది. "మంచిగున్నది బిడ్డా. శానా నున్నగున్నది" అంది.

గడప దగ్గర పగులు పూడుస్తున్న మేస్త్రి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. తాపీ ఆపి, "అర్ర అంటె అర అనుకున్నదా మేడమ్!" అని పకపకా నవ్వాడు. అమ్మ ముఖం చూసి నవ్వు మింగి, తల దించుకుని మళ్ళీ పనిలో పడ్డాడు.

అప్పుడు తెలిసింది నాకు. గొళ్ళెం ఎందుకు లోపలికి ఉండాలందో, వెలుతురెందుకు అడిగిందో, ఆ కిటికీ దగ్గర చేతులు చాపి ఏం కొలుచుకుందో, అన్నీ ఒక్కసారే తెలిశాయి. తెలిసిన మరుక్షణం ఎవరో ఒకరి మీద పడాలి కనక ఆ పిల్ల మీద పడ్డాను.

"మీ ఇంటోళ్లు ముప్పై ఏండ్ల సంది ఈడనే ఉంటున్నరు, అర్ర అంటె ఏందో తెల్వదా మీకు? మా మాట ఒక్కటన్న చెవుల వడదా?"

అన్నేళ్ళ తర్వాత అర్ర అన్న మాట నా నోట్లోంచి వచ్చింది, అది కూడా ఒకరిని కొట్టడానికి. ఆ పిల్ల సంచిలోంచి నోటుబుక్కు తీసింది. "నేను సరిగ్గానే విన్నాననుకున్నానండీ... మీ ముందే చదివాను కదక్కా..." అంది. కళ్ళలో నీళ్ళు.

"ఊకో బిడ్డా" అని అమ్మ ఆ పిల్ల వీపు నిమిరింది. తర్వాత నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఆమెకు తెల్వదు. నీకు తెలుసు గద. నువ్వు పక్కకే కూసున్నవు గద బిడ్డా."

నేను విన్నాను. అమ్మ అర్ర అనడమూ విన్నాను, ఆ పిల్ల అర అని చదవడమూ విన్నాను. పత్రికలో వత్తులు దిద్దుతూనే డబ్బాల మాట అన్నాను. తమ్ముడు అడిగితే గది అని వినబడేది నాకు, నాయిన అడిగినా గది అనే వినబడేది. అమ్మకి గది కావాలని ఉంటుందన్న ఊహే నాకు లేదు కనక, ఆమె నోరు తెరిచి అడిగినా నా చెవి దాన్ని డబ్బాలు పెట్టుకునే చోటుగానే విన్నది. ఆ పిల్లది తెలియనితనం. నాది ఏమిటో దానికి ఇవాళ్టికీ పేరు పెట్టలేను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఏడవలేదు.

"రోడ్ల మీద అందరు మాది మాకియ్యిండ్రి అని అడుగుతుండ్రు" అంది అమ్మ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "నేను గూడ ఒక్కసారి అడిగి సూద్దామనుకున్న. పోనీ తియ్యి. ఇది గూడ మంచిగనే ఉన్నది." అని గిన్నెలు తోమడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ముందు కుర్చీలోంచి నాయిన గట్టిగా అన్నాడు: "ఇల్లంత నీదేనాయె, నీకు మళ్ల యేరే అర్ర ఎందుకే?" నేను చిన్నప్పటినుంచీ అనుకునే మాటే. వేరొకరి నోట వింటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆ పిల్ల ఇక రాదనుకున్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చింది. బ్యాంకుకి సెలవు పెట్టి నేను అక్కడే ఉండిపోయాను. టేపు కొస నా చేతిలో పెట్టింది. తూర్పు కిటికీ దగ్గర కొలిచాం. ఏడడుగులు, తొమ్మిదడుగులు.

"ఇక్కడొక్క చోటే కుదురుతుందక్కా. వెలుతురుంది. కానీ మీ డైనింగ్ పోతుంది."

"పోనీ" అన్నాను.

నిన్నటి మాటకి ఏమీ అనుకోవద్దన్నాను. టేపు చుట్టుకుంటూ చెప్పింది: "ఆంటీ అన్నప్పుడే నాకు అనుమానం వచ్చిందక్కా. అంటే ఏమిటండీ అని అడగబోయాను. మళ్ళీ అడిగితే యాసని వెక్కిరిస్తున్నాననుకుంటారేమోనని భయమేసింది. ఈ రోజుల్లో ఎవరి మాటనీ తిరిగి అడగొద్దని మా నాన్నగారు గట్టిగా చెప్పారు." అమ్మని అడిగితే అమ్మదీ అదే వరస. ఆ పిల్ల అర అని చదివినప్పుడు, వాళ్ళ వైపు వత్తు పెట్టరేమో, ఇంటికొచ్చిన పిల్ల మాటని తప్పు పట్టడమెందుకని ఊరుకుందట. ఊరంతా భాష మీద కొట్టుకుంటున్న రోజుల్లో మా ఇంట్లో గది పోయింది మాత్రం ఇద్దరి మర్యాద వల్ల. మూడోదాన్ని, రెండు భాషలూ వచ్చినదాన్ని, నన్ను అందులో కలపకూడదు.

నాయిన ఒప్పుకోలేదు. "హాలు ఇరుకైతది. పెండ్లికి ఊరోళ్లందరొస్తరు, యాడ పండుకుంటరు?" అన్నాడు. ఆయన అడిగిందీ న్యాయమే, వాళ్ళందరినీ రమ్మని పిలిచింది ఆయనే మరి.

"నాలుగించుల గోడనే అన్నా. రెండు దినాలల్ల లేపుత" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. అందరం ఆమె వైపు చూశాం. వద్దు తియ్యి అంటుందని నాయిన చూశాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అంటుందనుకున్నాను, అమ్మ ఏదన్నా వద్దనడం వినీ వినీ అలవాటైపోయింది. అమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని, కిటికీ వైపు చూసి, మేస్త్రితో అంది:

"గోడ లేపుండ్రి."

నాయిన కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత బయటికి వెళ్ళి, "ఇటుకలకు నీళ్లు గొట్టిండ్రా ఎవలన్న?" అని కేకేసి, ఎవరూ కొట్టలేదని తెలిసి తానే బకెట్ పట్టుకున్నాడు.

మేస్త్రి రెండు దినాలన్నది నాలుగయ్యాయి. కూల్చిన పాత వంటింటి తలుపునే బాగు చేయించి ఆ గదికి పెట్టారు. గొళ్ళెం ఎంత ఎత్తులో ఉండాలో చూడ్డానికి ఆ పిల్ల అమ్మని తలుపు దగ్గర నిలబెట్టి, మోచెయ్యి వంచమని, పెన్సిల్‌తో గీత గీసింది. "గిట్ల గూడ కొలుస్తరా!" అని అమ్మ చిన్నపిల్లలా నవ్వింది. నులక మంచం ఒకటి, సందుగ ఒకటి పడితే నిండిపోయే గది. నాయిన మంచం కిందనుంచి సందుగ లాగి తెచ్చింది తమ్ముడు.

పెళ్ళైపోయింది. పెళ్ళికొచ్చిన ఊరోళ్ళు హాల్లో, మేడమీద, సందులో షామియానా కింద సర్దుకున్నారు. ఎవరికీ చోటు తక్కువ కాలేదు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మూసారాంబాగ్ నుంచి వెళ్ళాను. హాల్లో చుట్టాలిద్దరు టీవీ చూస్తున్నారు. అమ్మ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎప్పటి అలవాటుగా తోశాను. తెరుచుకోలేదు. మళ్ళీ తోశాక అర్థమై, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అమ్మ ఉన్నచోటికి వెళ్ళడానికి తలుపు కొట్టాలని నాకు అంతవరకూ తెలియదు. వేలి కణుపులతో మెల్లగా కొట్టాను.

"ఎవలు?" అంది లోపల్నుంచి.

"నేనే అమ్మా."

"ఏమన్న పనున్నదా?"

చెప్పాల్సింది చాలా ఉంది. వస్తూ దారిపొడుగునా కూడబలుక్కున్నాను కూడా. తలుపుకి చెప్పే మాటలు కావవి. "ఏం లేదమ్మా" అన్నాను.

"గట్లయితె జర ఆగు బిడ్డా."

ఆ తలుపు ముందే నిలబడిపోయాను. ముందు కుర్చీలోంచి నాయిన మెడ తిప్పి చూశాడు.

"నన్ను గూడ ఆగుమన్నది" అన్నాడు. "దా, కూసో."

కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను.